రెండు కాలాల అతుకు

పత్తికొండలో శెట్టి టాకీసు అంటే జనానికి విరిగిన కుర్చీలు గుర్తొస్తాయి, మ్యాట్నీలో పైరేకుల వేడి గుర్తొస్తుంది. ఆపరేటరు ఉరుకుందుకు మాత్రం టాకీసంటే గోడలోని జానెడు కంత. ఇరవై ఆరేండ్లుగా లోకంలో వచ్చిన బొమ్మలన్నీ ఆ కంతలోంచే చూసినాడు, మిషను మోతలో సగం మాటలు వినపడక, నిలబడే. కింద కుర్చీలో కూర్చుని ఒక్క ఆట కూడా చూడలేదంటే ఎవరూ నమ్మరు. నమ్మించాలని అతనికీ లేదు.

పదహారేండ్లప్పుడు రీళ్ళు వెనక్కి చుట్టే పనికి చేరినాడు. అప్పటి పెద్ద ఆపరేటరు ఒక సాయిబు. ఫిలిం తెగితే ఎట్లా అతకాలో ఆయనే నేర్పినాడు. అంచు బ్లేడుతో గోకాలి, ఫిలిం అతికే సిమెంటు జిగురు ఒక్క చుక్క పూయాలి, నొక్కిపట్టి పది లెక్కపెట్టాలి. అతుకు మిషన్లో పోయేటప్పుడు టక్కుమనకూడదు. "తెగినప్పుడే బ్లేడు తియ్యి బేటా, తెగకముందే తీసేది మన పని కాదు" అనేవాడు సాయిబు. ఆ మాటను ఉరుకుందు పట్టుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ టాకీసుల్లో బొమ్మ మధ్యలో ఎక్కడివో రోత ముక్కలు అతికి చూపించే రోజుల్లో కూడా తన మిషను మీద ఆ పని జరగనియ్యలేదు. పెద్ద శెట్టి ఒకసారి అడిగి, కాదనిపించుకుని, మళ్ళీ అడగలేదు. ఉరుకుందుకు పొలం లేదు, ఇల్లు బాడుగది. ఊళ్ళో అతనికంటూ ఉన్నదల్లా ఆ పేరొక్కటే. ఉరుకుందు బొమ్మ కొయ్యడు అని.

రెండువేల నాలుగు నాటికి పెద్ద శెట్టి మంచం పట్టినాడు. టాకీసు చిన్నకొడుకు వాసుదేవ్ చేతికొచ్చింది. ఇంటింటికీ కేబులు వచ్చి, సీడీలు బస్టాండులో కుప్పలు పోసి అమ్ముతుండే కాలం. కొత్త తెలుగు బొమ్మలు ఆదోనిలో ఆడి ఆడి, పాటలు పాచిపోయినాక ఇక్కడికి వచ్చేవి. వాసుదేవ్ పొద్దునంతా టమాటా మండీలో కూర్చునేవాడు. తట్టలో పైన రెండు వరసలు ఎర్రటివి పేర్చి కింద పుచ్చువి సర్దే విద్య అతనికి బాగా వచ్చు. టాకీసు కూడా అతని కంటికి ఒక తట్టే.

టమాటా రాక జోరుగా ఉన్న ఒక సోమవారం, గుంతకల్లు నుంచి రెండు బొమ్మల డబ్బాలు ఒకేసారి దిగినాయి. వాసుదేవ్ మేడమెట్లెక్కి కేబినులోకి వచ్చినాడు.

"ఉరుకుందూ, రెండూ టైము మిషను బొమ్మలే అంట. రెండూ నవ్వులాటవే. ఒగటి హాంకాంగుది, ఒగటి జపానుది. మద్రాసులో తెలుగు చేసినారు. ఇద్దరు బయ్యర్లు నెత్తిన రుద్దినారప్పా. శుక్రవారం ఏది ఎయ్యల్లో నువ్వే చూసి చెప్పు."

"నేను చెప్పిందే ఏస్తారా సావుకారీ?"

"చెప్పు ముందు. మిగిలింది మండీలో ఆలోచన చేస్తా."

మంగళవారం పొద్దున ఉరుకుందు ఖాళీ హాల్లో రెండూ వేసుకుని చూసినాడు. అతను కాక చూసినది గంగక్క ఒక్కతే. ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చించి, పొద్దున పూట హాలు ఊడ్చే మనిషి ఆమె. చీపురు పట్టుకుని ఊడుస్తా ఊడుస్తా, ఆగి చూస్తా, మళ్ళీ ఊడుస్తా ఉండింది.

హాంకాంగు బొమ్మకు 'వెనక్కి దూకిన వీరన్న' అని పేరు పెట్టినారు. ఒక పోలీసు దొంగల వెంటపడి లిఫ్టులో దూరతాడు. తలుపు తెరుచుకునేసరికి ఏడెనిమిది వందలేండ్ల నాటి రాజుకోట. అక్కడి జనమంతా తెలివితక్కువ వాళ్ళు. వీరన్న సిగరెట్టు లైటరు వెలిగిస్తే సాష్టాంగపడతారు. వీరన్న అపానవాయువు వదిలితే అది మంత్రమనుకుని ముక్కుల నిండా పీలుస్తారు. మంత్రి మొగం మీద పేడ పడుతుంది, ఒకసారి కాదు మూడుసార్లు. నడుమ నడుమ కొట్లాటలు. ఇక రాణుల స్నానాలు, కొలను నిండా ఆడవాళ్ళు, వాళ్ళను చూసి వీరన్న చొంగ కార్చడం, దాని మీద మద్రాసు వాళ్ళు కలిపిన తెలుగు మాటలు. ఆ మాటలు వింటుంటే ఉరుకుందుకు చెవిలో ఎవరో ఉమ్మినట్టనిపించింది. అన్నిటికన్నా అతనికి వెగటు పుట్టించింది ఇంకొకటి. ఆ బొమ్మలో పాతకాలం వాళ్ళంటే ఎవరికీ మర్యాద లేదు. తరువాత పుట్టిన ప్రతివాడూ ముందు పుట్టినవాణ్ణి చూసి పండ్లికిలించాల్సిందే అన్నట్టుంది. బొమ్మ తీసినవాడికి తాత ఉండి ఉండడేమో అనుకున్నాడు.

జపాను బొమ్మ పేరు 'తాత టైము తారుమారు'. పనిలోనుంచి దిగిపోయిన ఒక బస్సు డ్రైవరు. పెండ్లాం చనిపోయి మూడేండ్లు. ఆమె పెట్టే ఊరగాయ రుచి నోట్లో ఉంది, తాను పెడితే మాత్రం రాదు. ఇంట్లో చెక్క నీళ్ళతొట్టి ఉంటే, ఒకరోజు అందులో మునిగి లేచేసరికి ముప్పై ఏండ్లు వెనక్కి పోయి ఉంటాడు. పెండ్లాం వంటింట్లో ఉంటుంది. ఊరగాయలో ఉప్పెంత అని అడగబోతాడు. ఆమె వినదు. "ఈ వేళప్పుడు ఇంట్లో ఏం పని, పోయి సోడా పట్టుకరా" అంటుంది. పోతాడు, తెచ్చి ఇచ్చేలోగా ఇవతలి కాలంలోకి వచ్చి పడతాడు, చేతిలో సోడా సీసాతో. రెండోసారి పోతే అంగడికి తోలుతుంది. మూడోసారి కప్పు మీదికి ఎక్కిస్తుంది, వాన కారుతోందని. ప్రతిసారీ ఒళ్ళంతా తడిసి, తువ్వాలుతో, ప్రశ్న నోట్లోనే పెట్టుకుని తిరిగొస్తాడు. కేబినులో ఉరుకుందు తనకు తెలియకుండానే నవ్వినాడు. ఆ నవ్వు అతనికే కొత్తగా వినపడింది.

నాలుగోసారి పోయినప్పుడు ఆమె తీరిగ్గా ఉంటుంది. ఇద్దరూ వసారాలో కూర్చుని, మనకు వీపులు పెట్టి, వాన చూస్తా అన్నం తింటారు. ఊరగాయ గిన్నె మధ్యలో ఉంటుంది. తాత ఉప్పెంతో అడగడు. మరిచిపోయినాడో, అడగాలనిపించలేదో తెలియదు. అంతే బొమ్మ.

అయితే ఆ వీపుల చోట మద్రాసు వాళ్ళు ఊరుకోలేదు. మనిషి పెదిమలు కనిపించకుంటే ఏ మాటైనా పెట్టొచ్చు కదా. ఆమె చేత బూతు సరసం ఆడించినారు, తాత చేత అంతకన్నా రోత జవాబు చెప్పించినారు. ఉరుకుందు కంతలోంచి తెరను పట్టి పట్టి చూసినాడు. ఆమె చెంప ఓరగా కనిపిస్తోంది, దవడ నిదానంగా నములుతోంది. నమిలే నోట్లోంచి అంత మాట ఎట్లా వచ్చింది? అక్కడ ఏ మాటా లేదు. ఇద్దరూ ఊరికే తింటున్నారు. దాన్ని కూడా పాడు చేసినారు. నోట్లో తీపిదో చేదుదో ఏదో ఊరి, కేబిను మూల ఉమ్మినాడు. ఇరవై ఆరేండ్లలో కేబినులో ఉమ్మడం అదే మొదలు.

సాయంత్రం మండీలో వాసుదేవ్‌కు రెండు కతలూ చెప్పి, తరువాత అన్నాడు.

"రెండూ ఒగ జాతి కాదు సావుకారీ. వీరన్నలో వెనకటోళ్ళంతా పిచ్చోళ్ళు, ఇప్పటోడొక్కడే తెలివైనోడు. తాత బొమ్మలో తిరగేసి. ఇప్పటినుంచి పోయినోడే పిచ్చోడు, ఆ కాలమామె ఎవురి మాటా ఇనేది కాదు. నవ్వు దీంట్లోనే ఉండాది. తాతనే ఎయ్యండి."

"కొట్లాట యాడుండాది తాతలో?"

"లేదు."

"ఆడోళ్ళ స్నానం?"

"తాతే చేస్తాడు స్నానం. తొట్లో."

పక్కన తట్టలు ఎత్తుతున్న హమాలీలు నవ్వినారు. వాసుదేవ్ నవ్వలేదు. చేతిలోని టమాటాను తిప్పి తిప్పి చూస్తా, "తొట్లోనా?" అన్నాడు. కొంచెంసేపటికి మళ్ళీ, "తొట్లో మునిగితే వెనక్కి పోతాడు, అవునా?"

"అవును."

"అయితే ఇను. తాత ఈ బొమ్మలో మునగల్ల, ఆ బొమ్మలో లేయల్ల. లేసినకాడ రాణులు స్నానం చేస్తాంటారు. ఆన్నే కొట్లాట. మల్ల మునిగి ఇంటికొస్తాడు. ఎట్ల ఉండాది?"

వాసుదేవ్ టమాటాను తట్టలో పడేసినాడు.

"ఆయప్ప పెండ్లాం సీన్లన్నీ తీసెయ్. అన్నం తినేది ఎవడు చూస్తాడప్పా, ఇంట్లో చూస్తానే ఉండారు గదా."

"తాత జపానోడు. కొలను హాంకాంగుది. మునిగేది తాత, లేసి కొట్లాడేది వీరన్న. మొగాలు ఏరే."

"చైనా మొగాలే గదా అన్నీ. నీళ్ళలో మునిగి వయసు తగ్గినాడనుకుంటారు, టైము మిషను అంటాండాంలే. ఈ బొమ్మల్లో ఏది ముందో ఏది ఎనకో తీసినోనికే తెల్దు, మనోళ్ళకేం తెలుస్తాది?"

"నేను కొయ్యను సావుకారీ."

"నువ్వు కొయ్యకుంటే ఆదోని నుంచి ఒగడొస్తాడు. వానికి పొద్దు పోకముందే అయిపోతాది. గుట్కా నములుకుంటా, ఎంగిలి చేత్తో అతుకుతాడు. నీ మిషను మీదనే. నీ ఇష్టం."

ఉరుకుందు ఇంటికి పోయినాడు. పెండ్లాం సిద్దమ్మ సంగటి పెడితే రెండు ముద్దలు మింగి లేచినాడు.

"ఏమయింది, మొగమట్లుండాది?"

"ఏంల్యా. బొమ్మ బాగల్యా."

"బాగలేకుంటే నీకేం. చూసేటోళ్ళు చూస్తారు."

ఆ ఆదోనివాడి చేతులు ఎట్లుంటాయో అతనికి తెలుసు. అంచు సరిగా గోకడు, సిమెంటు జిగటగా కార్చుతాడు, పళ్ళచక్రంలో పడి ఫిలిం చీరుకుపోతుంది. ప్రింటు మొత్తం నాశనం. అదే తాను చేస్తే తిరిగి విడదీసి యథాప్రకారం పెట్టొచ్చు. తెల్లారేసరికి ఈ ఆలోచన అతనికి శానా న్యాయంగా కనిపించింది. తన పేరు పోయే పని తన చేత్తోనే చెయ్యడానికి మనిషికి ఎంత న్యాయం దొరుకుతుందో, తరువాత తలచుకుంటే అదే అతనికి ఎక్కువ రోతగా ఉండేది.

బుధ, గురువారాలు పొద్దుటి పూటలు కూర్చుని చేసినాడు. తాత తొట్టిలో తల ముంచే చోటు పట్టుకుని, నీళ్ళు తెర నిండా కనిపించే చివరి ఫ్రేము దగ్గర కోసినాడు. కొలనులో నీళ్ళు తెర నిండా కనిపించే మొదటి ఫ్రేముకు అతికినాడు. నీళ్ళకూ నీళ్ళకూ సరిపోయింది. వేలు ఆన్చి చూసినాడు, అతుకు తగల్లేదు. అంత బాగా కుదిరినందుకు లోపల ఎక్కడో గర్వం కలిగింది. అది గర్వమని తెలిసిన మరుక్షణం ఆ వేలిని ప్యాంటుకేసి రుద్దుకున్నాడు. పెండ్లాం సీన్లు నాలుగూ ముక్కలు ముక్కలుగా కోసి, చుట్టి, పాత సిమెంటు డబ్బా వెనక అటక మీద పెట్టినాడు. ఆమె మిగల్లేదు, పెరట్లో దూరంగా బట్టలు ఆరేసే ఒక్క ముక్కలో తప్ప.

శుక్రవారం మ్యాట్నీకి టమాటా రైతులు, హమాలీలు, లారీ క్లీనర్లు నిండిపోయినారు. తాత తొట్టిలో మునిగి రాణుల మధ్య లేచినప్పుడు హాలు ఈలలతో పగిలిపోయింది. కుర్చీల మీదికెక్కి చొక్కాలు ఊపినారు. ముసలివాడు ఎందుకు మునుగుతున్నాడో, పడుచువాడు ఎవడో, ఎవరూ అడగలేదు. రెండో మునకకు ముందే "మునుగప్పా, మునుగు" అని అరిచినారు. వాసుదేవ్ కేబినుకొచ్చి భుజం తట్టినాడు. "అతుకే కనపడల్యా. ఏం చెయ్యి అప్పా నీది." ఆ తట్టిన చోట జెర్రి పాకినట్టయింది ఉరుకుందుకు.

శనివారం టీ అంగడిలో ఎవరో డబ్బులు ఇయ్యనియ్యలేదు. "ఇట్లాంటి బొమ్మ ఇంగా ఉంటే తెప్పియ్యప్పా" అన్నారు. ఇన్నేండ్లలో సాఫీగా నడిపిన వేల ఆటలకు ఎవరూ అతన్ని పలకరించింది లేదు. ఈ రోతకు పిలిచి టీ పోస్తున్నారు.

ఆదివారం పొద్దున గంగక్క చీపురు ఆపి, కేబినుకేసి తలెత్తి అడిగింది.

"ఏమప్పా ఉరుకుందూ, మంగళారం చూసినప్పుడు ఆయప్పకు పెండ్లాం ఉండె గదా. ఊరగాయ ఆయమ్మ. ఆటలో రాల్యా. యాడ పోయె?"

"తీసేసినామక్కా."

"ఎందుకు?"

"సావుకారి తీయమన్యాడు."

ఆమె చీపురు చేతిలో కొట్టుకుని పుల్లలు సరిచేసుకుంది.

"ఆయమ్మ కోసరం గదా తొట్లో మునిగేది. ఆయమ్మ లేకపోతే ఇంగేముండాది. ముసిలోడు సిగ్గులేకుండా ఆడోళ్ళ స్నానాలకు పోయినట్టుండాది. నాకైతే వాన్ని చూస్తేనే అసయ్యం పుట్టె. పాపం, మంచోడు గదా."

ఉరుకుందు కిందికి చూడలేకపోయినాడు. బొమ్మ కోసినానని మాత్రమే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఎక్కడో జపానులో ఉప్పు కొలత అడగడానికి పోయిన ఒక మొగుణ్ణి, తెచ్చి ఈ ఊరి ముందర లంజకొడుకుగా నిలబెట్టినానని గంగక్క చెప్పేదాకా తెలియలేదు. మునుగప్పా మునుగు అని అరిచింది ఆ మనిషినే. అరిపించింది తాను.

గురువారం బొమ్మకు ఆఖరి రోజు. బుధవారం ఆఖరి ఆట అయినాక కూర్చుని, గురువారం పొద్దుటికి అన్ని అతుకులూ విప్పినాడు. వీరన్న ముక్కలు వీరన్న డబ్బాల్లో పడేసి, పెండ్లాం సీన్లు నాలుగూ అటక మీదినుంచి దించి, ఎక్కడివక్కడ పెట్టినాడు. అతుకు అతుకుకూ అంచు గోకినప్పుడల్లా రెండు ఫ్రేములు రాలిపోతాయి. మొత్తం ఇరవై రెండు చోట్ల నలభై నాలుగు. తెర మీద రెండు క్షణాలు కూడా కాదు. కానీ వేసి చూస్తే, ఆమె ఊరగాయ గిన్నె ఎత్తుతుంది, ఎత్తిన చెయ్యి కిందికి దిగకుండానే గిన్నె నేల మీద ఉంటుంది. ఆ దిగడం ఎక్కడుందని కేబిను నేల మీద వెదికినాడు. కత్తిరింపుల కుప్పలో గోరంత ముక్కలు. ఏది ఏదో పోల్చలేక అన్నీ ఊడ్చేసినాడు.

మ్యాట్నీకి హాలు సగానికి పైన నిండింది. రెండోసారి, మూడోసారి చూడ్డానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. తాత తొట్టిలో తల ముంచినాడు. ఈలలు మొదలైనాయి. లేచేసరికి వంటింట్లో పెండ్లాం, "పోయి సోడా పట్టుకరా" అంది. ఈలలు నడిమధ్యలో ఆగిపోయినాయి.

"రాణులేరి?"

"రీలు మార్చినాడప్పా నాయాలు."

"ఉరుకుందూ, నీ యబ్బ, కొలను ఎయ్యి."

చెప్పులు తెర మీద పడినాయి. మూడో మునకకు జనం లేచిపోవడం మొదలుపెట్టినారు, పోతా పోతా కుర్చీలను తన్నినారు. ఉరుకుందు ఏమీ ఆపలేదు. వసారా సీను దగ్గర పడినప్పుడు మిషను వదిలి ఆంప్లిఫయరు దగ్గరికి పోయినాడు. వీపులు తెర మీదికి రాగానే సౌండు నాబ్‌ను ఎడమకు పూర్తిగా తిప్పినాడు.

హాలు గప్‌చిప్ అయింది, సౌండు పోయిందని. మరుక్షణం అరుపులు. "సౌండూ, సౌండూ" అని కుర్చీలు కొట్టినారు. ఇద్దరు తింటున్నారు, వాన పడుతోంది. కంతలోంచి ఉరుకుందుకు నమిలే దవడ కనిపిస్తోంది. ఒకచోట గిన్నె ఎగిరి కింద కూర్చుంది, అది తాను గోకి పారేసిన ముక్క. మిగిలినదంతా తీసినవాడు తీసినట్టే నడిచింది. అది కూడా అతనికి తృప్తి ఇయ్యలేదు. ఇంత అసహ్యం కలిపినాక ఇంత కడిగితే ఏమొస్తుంది అనిపించింది.

మండీలో కబురందుకుని వాసుదేవ్ రొప్పుతా మెట్లెక్కి వచ్చేసరికి బొమ్మ అయిపోయింది.

"ఏం చేస్తాండావు నువ్వు? కుర్చీలు ఇరగ్గొట్టిరి గదప్పా. ఎవుర్ని అడిగి మార్చినావు?"

"మార్చల్యా సావుకారీ. ఉండేది ఉండేట్టు ఏసినా."

"సౌండు ఎందుకు ఆపినావు?"

"ఆడ మాటల్లేవు."

"ఉండాయి. బయ్యరు చెప్పినాడు నాకు."

"ఉండాయి. ఆయమ్మవి గాదు."

వాసుదేవ్ అతన్ని కొంచెంసేపు చూసినాడు, పుచ్చు ఎక్కడుందో దొరకని టమాటాను చూసినట్టు. కోపం కూడా దిగిపోయి విసుగు మిగిలింది.

"రేపటికి ఆదోనోన్ని పిలిపిస్తా. నువ్వింగ రావద్దు. డబ్బాలు కట్టి బస్సుకెయ్యి, పో. కాగితంలో బాగుండాదని రాయి, గుంతకల్లోళ్ళతో నాకు పంచాయితీ వద్దు."

ప్రతి బొమ్మ డబ్బాలతో పాటు ఒక కాగితం వస్తుంది. ఆడించిన ఊరూ, ఆడించినవాడి పేరూ, ప్రింటు ఎట్లుందో రాసి పంపాలి. ఎవరూ చూసి రాయరు, అన్ని ఊళ్ళవాళ్ళూ 'బాగుంది' అని గీకేసి ఉంటారు. తాత బొమ్మ కాగితంలో ఉరుకుందుకు ముందు అట్లాంటి 'బాగుంది'లు తొమ్మిది ఉన్నాయి.

రీళ్ళు డబ్బాల్లో సర్ది, మూతలు బిగించి, నేల మీద కూర్చుని పదో వరసలో రాసినాడు. పత్తికొండ. తెగలేదు, కోసినారు. ఇరవై రెండు చోట్ల. వసారా సీనులో గిన్నె దింపేది పోయింది. కోసినది నేనే.

కింద ఉరుకుందు అని పేరు రాసి, పక్కన ఆపరేటరు అని రాసినాడు. ఇంక తనది కాని ఆ మాట కేసి చూసినాడు. కొట్టేద్దామని పెన్ను ఆనించి, ఈ పని ఆపరేటరే చేసినాడు కదా అని, కొట్టెయ్యకుండా కాగితం మడిచి డబ్బాలో పెట్టినాడు.